కప్పు విప్పి చూశాకే నోటీసు రాయండి: పెంకుటిళ్ల గురించి ఒక బహిరంగ లేఖ

గోదావరి డెల్టా పట్టణాల పురపాలక సంఘాల కమిషనర్లకు, పాలకవర్గ సభ్యులకు, టౌన్ ప్లానింగ్, ఇంజనీరింగ్ విభాగాల అధికారులకు నమస్కారం.

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం, మండపేట. ఈ ఊళ్లలో ఏ పాతవీధికి వెళ్లినా నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు ఇంకా కనిపిస్తాయి. ఆ ఇళ్ల కప్పులు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం మేము. మాలో పెంకు నేసేవాళ్లు, వడ్రంగులు, తాపీమేస్త్రీలు ఉన్నారు, వాళ్లతో కలిసి పనిచేసే ఇంజనీర్లూ ఉన్నారు. వానాకాలం ముందు వెళ్లే శిథిల భవనాల నోటీసుల గురించి, కప్పు పనికి అడుగుతున్న అనుమతుల గురించి, మీరు వేయించే రోడ్ల, డ్రైన్ల మట్టం గురించి ఈ లేఖ రాస్తున్నాం.

కారుతున్న కప్పు వేరు, కూలబోతున్న ఇల్లు వేరు. వీధిలో నిలబడి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. చూరు కిందికి వంగి ఉంటుంది, గోడ మీద నల్లటి చారలు దిగి ఉంటాయి, రెండు వాలులు పైన కలిసే కొప్పు మీద రావి మొక్క మొలిచి ఉంటుంది. ఇంత చూసి నోటీసు రాసేస్తే ఇంటివాళ్లకు రెండే దార్లు మిగులుతున్నాయి, కూలగొట్టడం లేదా స్లాబు వేయడం. కప్పు విప్పి చూస్తే మాత్రం తరచూ బయటపడేది చిన్న జబ్బే. నాలుగైదు వాసాల తలలు పుచ్చి ఉంటాయి, రెండు వాలులు కలిసే మూలలో నీళ్లు దిగే రేకు కాలువ ఒకటి చిల్లుపడి ఉంటుంది, రెండు మూడు వరసల పెంకులు జారి ఉంటాయి. మిగతా కలప గట్టిగానే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాలో వరి నిలకడగా పండాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తరాలు కట్టుకున్న ఇళ్లు ఇవి. ఎగువ అడవుల్లో కొట్టి, తెప్పలు కట్టి గోదావరి మీద దించిన టేకు వీటిలో చాలావాటికి ఎక్కింది. ఆ చేవ ఉన్న కలప ఇవాళ డబ్బు పెట్టినా దొరకడం కష్టం. దాన్ని పొయ్యిలోకో ఫర్నిచరు దుకాణానికో పంపే ముందు ఒక్క రోజు తీరిక చేసుకుని కప్పు ఎక్కి చూడమని అడుగుతున్నాం.

ముందు స్లాబు సంగతి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే. మన దగ్గర బంగాళా పెంకు అని పిలిచే మంగళూరు పెంకు ఒక్కోటి సుమారు రెండున్నర కిలోలు. చదరపు మీటరుకు దాదాపు 15 పడతాయి. పెంకు, పెంకులు ఆనే అడ్డ పట్టీలైన రీపర్లు, వాసాలు అన్నీ కలిపి చదరపు మీటరుకు 60 కిలోల లోపో, కొంచెం అటూ ఇటూనో. అయిదంగుళాల స్లాబు, దాని మీద పూత కలిస్తే అదే చోట 400 కిలోలు. అంటే 100 చదరపు మీటర్ల ఇంటి మీద 6 టన్నులు ఉన్నచోట 40 టన్నులు ఎక్కిస్తున్నాం. ఆ బరువు మోయాల్సిన గోడలు బురదమట్టితోనో సున్నంతోనో కట్టిన ఇటుక గోడలు. వాటి కింద ఉన్నది తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే డెల్టా నల్లమట్టి. పునాది లోతు చాలా ఇళ్లలో మోకాలెత్తు దాటదు. స్లాబు వేసిన మొదటి రెండేళ్లూ ఏమీ కనిపించదు. తర్వాత ద్వారబంధాల మూలల నుంచి ఏటవాలుగా బీటలు మొదలవుతాయి, తలుపులు పట్టేస్తాయి. అప్పుడు తప్పు పాతగోడ మీద పడుతుంది. స్లాబు వేయాలంటే గోడలతో సంబంధం లేకుండా కొత్త పునాదులూ స్తంభాలూ కావాలి. అంత ఖర్చు పెట్టగలిగినవాళ్లు కూడా ముందు కప్పు బాగుచేయడానికి ఎంతవుతుందో లెక్క వేయించుకోవాలి. ఆ లెక్క వాళ్ల ముందు పెట్టేవాళ్లే ఉండటం లేదు.

కప్పు ఎలా విప్పి చూడాలో మీ సిబ్బందికి తెలియడం అవసరం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. మొదట మెయిన్ స్విచ్ కట్టేయాలి, పాత వైర్లు వాసాల వెంబడే పోతుంటాయి. తర్వాత లోపలి నుంచి, అటక మీద నిలబడి, పట్టపగలు చూడాలి. పెంకుల సందుల్లోంచి సన్నటి వెలుగు రావడం మామూలే, పెంకుటిల్లు గాలి పీల్చేది అలాగే. రూపాయి బిళ్లంత వెలుగు పడితే అక్కడ పెంకు జారినట్టు. కలప మీద నల్లటి మరక ఉంటే చేత్తో తడిమి చూడండి. పొడిగా ఉంటే పాత కారుడు, చల్లగా తగిలితే ఇప్పుడూ కారుతున్నట్టు. గోడ వెంబడి పైకి పాకిన మట్టి గొట్టాలుంటే చెదలు. వాసం కింద మైదాపిండి లాంటి సన్నటి పొడి రాలి ఉంటే అది పురుగు. రెండింటికీ వైద్యం వేరు.

అసలు పరీక్ష వాసం తల దగ్గర. వాసం గోడలోకి దిగే చోట, గోడ తల మీద పరిచిన పట్టె దగ్గర, చివరి అడుగున్నర మేర పుచ్చుతుంది. చూరు దగ్గర కారిన నీళ్లు అక్కడే నిలుస్తాయి, గాలి తగలదు. సుత్తితో కొప్పు వైపు నుంచి కిందికి జానెడుకో దెబ్బ వేస్తూ రండి. గట్టి కలప కంగుమంటుంది, పుచ్చినచోట మోత చచ్చిపోతుంది. అక్కడ సన్న ఉలి మొన ఆనించి అరచేత్తో ఒత్తండి. పావు అంగుళానికి మించి దిగకపోతే పైపై పుచ్చే, చెక్కేస్తే సరిపోతుంది. అంగుళం దిగితే ఆ ముక్క తీసేయాల్సిందే. తాటి వాసమైతే మోసేది బయటి నల్లటి చేవ మాత్రమే. లోపలి మెత్తటి భాగం పొడి అయిపోయినా పైచేవ రెండంగుళాలు గట్టిగా ఉంటే ఆ వాసాన్ని కంగారుపడి తీయక్కర్లేదు.

తల పుచ్చిన వాసానికి మొత్తం వాసం మార్చడం దండగ. పుచ్చినదానికి పైన మరో అడుగు వరకు గట్టి కలపలోకి వెళ్లి కోసేయాలి. అదే జాతి పాతకలపతో రెండు వైపులా జోడుచెక్కలు పెట్టి, అతుకుకు అటూ ఇటూ కనీసం రెండేసి అడుగులు పట్టేలా, ఒక్కో వైపు రెండేసి 12 మి.మీ. బోల్టులు వాషర్లతో బిగించాలి. మేకులు కొడితే ఎండిన టేకు చీలుతుంది. దూలం అయితే ఇంత తేలిక కాదు. కింద ఊతలు పెట్టి, ఇంజనీరు చూసి చెప్పాకే కోయాలి. దూలం తల తిరిగి గోడలో కూర్చోబెట్టేటప్పుడు చుట్టూ అంగుళం ఖాళీ వదిలి, కింద రాతి బిళ్లో గట్టి చెక్క దిమ్మో పెట్టాలి. చుట్టూ సిమెంటు కూరేస్తే చెమ్మ బయటికి పోయే దారి ఉండదు, కొత్త తల కూడా పాతదాని దారే పడుతుంది. లోపలే ఉండే, వాన తగలని కలపకు ఒక పాలు బోరిక్ ఆమ్లం, ఒకటిన్నర పాళ్లు బొరాక్స్ కలిపి నీళ్లలో 5, 6 శాతం కరిగించి, కలప పొడిగా ఉన్నప్పుడు రెండు మూడు పూతలు వేస్తే పురుగూ చెదలూ దూరంగా ఉంటాయి. చూరు చెక్కలకు ఇది పనికిరాదు, మొదటి వానకే కడుక్కుపోతుంది.

మండువా ఇంటి ప్రాణం నాలుగు లోపలి మూలల్లో ఉంది. నాలుగు వసారాల కప్పులూ మండువాలోకి వాలతాయి కాబట్టి ప్రతి మూలా రెండు వాలుల నీటిని మోస్తుంది. రెండు వైపులా కలిపి 50 చదరపు మీటర్ల కప్పు నీళ్లు ఒక మూలకు వస్తాయనుకుందాం. గంటకు 50 మి.మీ. వాన పడితే ఆ గంటలో 2,500 లీటర్లు జానెడు వెడల్పు కాలువలోంచి దిగాలి. కొబ్బరాకు ఒక్కటి అడ్డం పడితే చాలు, నీరు వెనక్కి తన్ని పెంకుల కిందికి పోతుంది. కోనసీమలో ఇళ్ల మీదికి వంగిన కొబ్బరిచెట్లు ఎన్నో మీకు తెలుసు. మేము చూసే పుచ్చిన మూలవాసాల్లో ఎక్కువ భాగం ఈ కారణంతోనే పుచ్చినవి.

ఆ మూలలో రేకు చిల్లుపడితే సిమెంటు పూసేయడం అలవాటైపోయింది. ఎండకు రేకు సాగుతుంది, సిమెంటు సాగదు, తొలి వేసవిలోనే వెంట్రుకవాసి పగులు వస్తుంది. పై నుంచి కనపడని ఆ పగులు మూలవాసాన్ని మూడు నాలుగేళ్లలో తినేస్తుంది. పాత రేకు పూర్తిగా తీసేయాలి. కింద చెక్కలు పరిచి, రెండడుగుల వెడల్పు, 24 గేజి కన్నా పలచన కాని రేకు వేయాలి. రెండు అంచులూ అంగుళం పైకి మడవాలి, మడత దాటి బయటివైపే మేకు పడాలి, మధ్యలో ఒక్క మేకూ పడకూడదు. అతుకు దగ్గర పై రేకు కింది రేకు మీదికి ఆరంగుళాలు రావాలి. పెంకులు రెండు వైపుల నుంచీ మూడు నాలుగు అంగుళాలు కాలువ మీదికి చొచ్చుకొచ్చి, మధ్యలో చెయ్యి పట్టేంత, అంటే అయిదారంగుళాలు, ఖాళీ ఉండాలి. ఊడ్చడానికి ఆ ఖాళీ కావాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో జింకు రేకు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది, అల్యూమినియం మేలు. కాకపోతే అల్యూమినియానికి పచ్చి సున్నం, సిమెంటు తగిలితే తినేస్తాయి, ఆ తగిలే చోట తారు పూసిన ఫెల్టు పరవాలి.

ఇక పెంకులు. విప్పేటప్పుడు ఒక వాలు మొత్తం ఖాళీ చేసి రెండో వాలు అలాగే ఉంచడం ప్రమాదం. బరువు ఒకవైపే ఉండి కొప్పు దూలాన్ని పక్కకు తోస్తుంది. రెండు వాలుల మీదా ఎదురెదురుగా ఏడెనిమిది అడుగుల పట్టీ చొప్పున విప్పి, బాగుచేసి, మూసి, తర్వాతి పట్టీకి వెళ్లాలి. వాన వచ్చినా తెరిచి ఉన్నది అంతమేరే కాబట్టి టార్పాలిన్ చాలుతుంది. దించిన పెంకులు కప్పు మీద ఒకచోట పేర్చకూడదు. 500 పెంకులంటే పన్నెండు వందల కిలోలు. నేల మీద నిలువుగా, అంచు మీద నిలబెట్టి పేర్చాలి. పడుకోబెడితే అడుగువి పగులుతాయి.

ప్రతి పెంకూ వేలి కణుపుతో కొట్టి చూడాలి, పగులున్నది బొంగురుగా మోగుతుంది. తిరగేసి వెనక అచ్చు చూడాలి. ఏ ఫ్యాక్టరీ గుర్తు ఉందో ఆ గుర్తున్నవన్నీ ఒకచోటికి చేర్చాలి. పైకి ఒకేలా కనిపించినా ఒక్కో ఫ్యాక్టరీ గాడి ఒక్కో కొలతలో ఉంటుంది. కలిపి నేస్తే గాడిలో గాడి కూర్చోక, గాలివానకు నీళ్లు ఎదురెక్కుతాయి. తక్కువపడ్డ కొత్త పెంకులన్నీ ఒక వాలుకే, వీలైతే పెరటి వైపుకే వాడితే ఈ చిక్కు ఉండదు, వీధి వైపు పాతరూపమూ మిగులుతుంది. కొత్తవి కొనేముందు నాలుగు పెంకులు ఎండబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. బరువు అయిదో వంతుకు మించి పెరిగితే ఆ సరుకు వెనక్కి పంపండి. లెక్క కావాలంటే, నేల మీద 1,000 చదరపు అడుగులు, వాలు 30 డిగ్రీలు ఉన్న ఇంటికి కప్పు 1,155 చదరపు అడుగులవుతుంది. దానికి సుమారు 1,600 పెంకులు, కొప్పుకు మీటరుకు మూడు కొప్పు పెంకులు, పైన పదోవంతు పగుళ్లకు. రీపర్ల ఎడం పుస్తకం చూసి పెట్టకూడదు. చేతిలో ఉన్న పెంకుల్ని నేల మీద పది వరసలు గాడి కలిపి పరిచి, కొలిచి, పదితో భాగించాలి. పన్నెండున్నర, పదమూడు అంగుళాల మధ్య వస్తుంది. అర అంగుళం తేడా వస్తే పై వరసకు వచ్చేసరికి పెంకు కొప్పుకు అందదు.

కుమ్మరులు చేసే, అరగొట్టంలా వంగిన గూన పెంకుల ఇళ్లది వేరే కథ. ఆ పెంకును పట్టి ఉంచేది దాని బరువే. కోతులు దూకినా, పిల్లులు తిరిగినా, గాలి వీచినా జారుతుంది. ఏడాదికో రెండేళ్లకో తిరగనేయించడం దాని లక్షణమే గాని లోపం కాదు. ఇప్పుడు కుమ్మరులు ఆ పెంకు చేయడం దాదాపు మానేశారు, కూల్చిన ఇళ్ల పెంకే దిక్కు. కాబట్టి ఊళ్లో ఒక గూన పెంకుల ఇల్లు కూలిస్తే ఆ పెంకు గుంటలు పూడ్చడానికి పోకుండా చూడండి. మున్సిపల్ యార్డులో ఒక మూల పాత పెంకుకూ కలపకూ కేటాయించి, పేరు, లెక్క రాసి, కప్పు బాగుచేసుకునేవాళ్లకు తక్కువ ధరకు ఇవ్వండి. దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

పెంకులు తీసేసి రేకులు వేసుకుంటే పోతుంది కదా అనేవాళ్లకు గాలి లెక్క చెప్పాలి. గాలి భారాలకు మన దేశం పాటించే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం మన తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి లెక్కలోకి తీసుకోమంటుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి తోపు చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, దాదాపు 150 కిలోల బరువుతో సమానం. చూరు, కొప్పు, మూలల దగ్గర అది కప్పును పైకి పీల్చేదిగా మారుతుంది. పెంకు కప్పు కొంత బరువు, సందుల్లోంచి గాలి తప్పుకునే వీలు, రెండూ కలిసి నిలుస్తుంది. ఎగిరినా ఒక వరస ఎగురుతుంది. సిమెంటు రేకు చదరపు మీటరుకు 15 కిలోలు కూడా ఉండదు, లేస్తే మొత్తం రేకు లేచి వీధిలోకి వస్తుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమలో ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. ఆస్‌బెస్టాస్ రేకు అయితే కోసినప్పుడు, పగిలినప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు విషం. ఇప్పటికే వేసి ఉన్న రేకులు తీయాలంటే నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. సుత్తితో కొట్టి రాల్చడాన్ని మీరు ఆపించాలి.

పెంకుల్ని గాలికి నిలబెట్టడం సులువే. మంగళూరు పెంకు అడుగున చిన్న బొడిపె, దానికి చిల్లు ఉంటుంది. అది ఉన్నదే తీగ కట్టడానికి. చూరు వైపు మూడు వరసలు, కొప్పు పక్కన రెండు వరసలు, పక్క అంచుల్లో రెండేసి నిలువు వరసలు రీపరుకు తీగతో కట్టాలి. కట్టుతీగ, జింకు తీగ ఉప్పుగాలికి అయిదారేళ్లు కూడా నిలవవు. రాగి తీగో స్టెయిన్‌లెస్ స్టీలు తీగో వాడాలి. చూరు గోడ దాటి అడుగున్నరకు మించి చాచకూడదు. వాసాన్ని గోడ పట్టెకు, పట్టెను గోడకు ఇనప పట్టీలతో కట్టకపోతే, పెంకులన్నీ కట్టినా కప్పు మొత్తం ఒక్కటిగా లేస్తుంది.

పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే కారదని చాలామంది వేయిస్తున్నారు. కారడం ఆగదు, కనపడటం ఆగుతుంది. నీరు పట్టా మీద జారి గోడ తలకు చేరి, వాసం తలల దగ్గరే నిలుస్తుంది. కలపకు గాలి ఆడదు. పట్టా వేసిన ఇళ్లలో కప్పు విప్పేసరికి మొత్తం ఒక వరస వాసాల తలలు చేతికి ఊడి రావడం మామూలైపోయింది. దయచేసి మీ సలహా కాగితాల్లో ఈ మాట రాయించండి.

కొప్పు పెంకుల కింద బిగించే మాలు ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసక అయితే గట్టిదనుకుంటారు. అది పెంకుకన్నా గట్టిది, పగిలితే పెంకును పట్టుకుని పగులుతుంది, తీయబోతే పెంకు ముక్కలవుతుంది. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసక ఆరు పాళ్లు చాలు. పెంకులు ముందు తడిపి, మాలు అంచుల వెంబడే పెట్టాలి, బోలు నిండా కూరకూడదు. వేశాక వారం రోజులు తడి గోనెలు కప్పాలి. ఇక్కడో చిక్కు ఉంది. ఈ పని జరిగే ఏప్రిల్, మే నెలల్లోనే పంట కాలువలకు నీళ్లు ఆపేస్తారు, తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీళ్లతో కలిపిన మాలు ఎండాక తెల్లగా పొంగి పొట్టులా రాలుతుంది. కప్పు పని నడుస్తున్న ఇంటికి మున్సిపల్ ట్యాంకరు నీళ్లు డబ్బు కట్టించుకునే ఇవ్వండి, అదే పెద్ద సాయం. ఇసక కూడా నదిదే కావాలి, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగల ఇసక వద్దు.

కొన్ని ఇళ్లలో ముందు భాగం పెంకు, వెనక మేడ మద్రాసు మిద్దె. టేకు దంతెల (సన్న దూలాల) మీద సన్న ఇటుకలు అంచు మీద నిలబెట్టి సున్నంతో కట్టిన కప్పు అది. దాని మీద కారినప్పుడల్లా కొత్త సిమెంటు పూత వేస్తూ పోతే పూత పూతకూ బరువు పెరుగుతుంది, చెమ్మ లోపలే మగ్గి దంతెలు పుచ్చుతాయి. పాత పూతలు దించి, సున్నపు గచ్చు వేసి, నీరు పోయే వాలు తిరిగి తేవడమే దానికి మందు.

ఇప్పుడు నేరుగా మీ చేతుల్లో ఉన్న పనికి వస్తాం. మండువాలో పడిన నీరు ఇంటి కిందనున్న తూము గుండా వీధి కాలువలోకి పోతుంది. లోపలికి వాలిన కప్పు 80 చదరపు మీటర్లుంటే, 100 మి.మీ. వాన పడిన రోజు 8,000 లీటర్లు ఆ ఒక్క తూములోంచే వెళ్లాలి. ఇల్లు కట్టిననాడు వీధి తూముకన్నా రెండు మూడడుగులు కిందుండేది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు, కొన్నేళ్లకు దాని మీద మరొకటి వేస్తూ పోవడంతో ఇవాళ చాలా వీధుల్లో రోడ్డు అరుగుతో సమానంగా వచ్చింది, డ్రైను అడుగు తూముకన్నా పైన ఉంది. మండువాలో నిలిచిన నీరు స్తంభాల మొదళ్లకు ఎక్కుతుంది. రాతి దిమ్మె మీద నిలబడ్డ టేకు స్తంభం మొదలు పుచ్చితే స్తంభం అంగుళమో రెండో కుంగుతుంది, దాని మీది దూలం కుంగుతుంది, పై కప్పులో మూల కాలువ వాలు తప్పుతుంది. అక్కడ కారుతుంది. అంటే కప్పులో కనిపించిన జబ్బుకు మూలం రోడ్డులో ఉంది. అలాంటి ఇంటికి శిథిల భవనం నోటీసు ఇవ్వడం న్యాయం కాదు. పాతవీధుల్లో రోడ్డు వేసేముందు ప్రతి పాత ఇంటి తూము మట్టం కొలిచి నమోదు చేయించండి. డ్రైను అడుగు దానికి కనీసం జానెడు కిందుండేలా డిజైను చేయించండి. పాత రోడ్డు పొర గీకి తీశాకే కొత్తది వేయించండి.

ఇంకొకటి, భాగాలు పంచుకున్న ఇళ్లు. అన్నదమ్ముల్లో ఒకరు తన వాటా కూల్చి మేడ కట్టుకుంటారు, రెండోవారి సగం అలాగే ఉంటుంది. మండువా కప్పు నాలుగు వైపులా ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచే చట్రం. మధ్యకు కోస్తే మిగిలిన సగానికి పట్టు పోయి కోతవైపుకు వాలుతుంది, తెగిన గోడ మీద వాన నేరుగా పడుతుంది. సగం ఇల్లు కూల్చడానికి అనుమతి ఇచ్చేటప్పుడు మూడు షరతులు పెట్టండి. కోతకు ముందే మిగిలే సగానికి ఏటవాలు ఊతలు, దూలాల తలల కింద కొత్త స్తంభాలు పడాలి. తెగిన కప్పు అంచు, గోడ ముఖం అదే వేసవిలో మూసెయ్యాలి. ఆ ఖర్చు కూల్చేవారిది కావాలి.

అనుమతుల విషయంలో మేము కోరేది చిన్నదే. ఎత్తు, వాలు, వైశాల్యం మారకుండా పాతకప్పు బాగుచేసే పనికి కొత్త ఇంటికి అడిగినట్టు ప్లానులు, సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) అడగకండి. వందేళ్ల కిందటి ఇల్లు ఇవాళ్టి సెట్‌బ్యాకుకు సరిపోదు, ఆ కాగితం కోసం తిరగలేక జనం బాగుచేయడమే మానేస్తున్నారు. ఒక పేజీ దరఖాస్తు, నాలుగు ఫొటోలు, పని చేసే మేస్త్రీ పేరు, పదిహేను రోజుల్లో జవాబు. ఆ జవాబు మార్చి లోపు అందాలి. ఏప్రిల్లో దాళ్వా (రెండో పంట వరి) కోతలకు మనుషులు పోతారు, మే నెల ఎండల్లో పని సాగాలి, రోహిణి కార్తె దాటి మృగశిర వచ్చేసరికి కప్పు మూసి ఉండాలి. మే చివర అనుమతి ఇస్తే ఇవ్వనట్టే లెక్క. నోటీసు ఇవ్వక తప్పనప్పుడు కూడా, దానితో పాటు కప్పు పరీక్ష నివేదిక జతచేయండి. ఏ దూలం, ఏ మూల, ఎంత మేర పోయిందో అందులో ఉండాలి. మనుషులకు నిజంగా ప్రమాదం ఉన్నచోట ఊతలు పెట్టించి, కింద ఎవరూ ఉండకుండా చేసి, అప్పుడు కప్పు గురించి నిర్ణయించండి. రెండు ఊతకర్రలు పెట్టడానికి ఒక పూట పని చాలు.

డబ్బు సాయం కుదరదనే మాట ముందే వినిపిస్తుంది. మన డెల్టాలోనే ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలోది. ఆ పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి ఇళ్ల ముఖాలను వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ, స్థానిక ప్రభుత్వం, ఇంటివాళ్లు ఖర్చు పంచుకుని బాగుచేసుకున్నారు. అంత చేయలేకపోయినా, కప్పు బాగుచేసుకున్న ఏడాది ఆస్తిపన్నులో కొంత తగ్గింపు ఇవ్వడానికి ప్రభుత్వానికి తీర్మానం పంపడం పాలకవర్గం చేతిలో పని. డిష్‌లు, కేబుళ్లు, సోలార్ పలకలు బిగించేవాళ్లు పెంకు కప్పు ఎక్కేటప్పుడు పలక నిచ్చెన పరుచుకుని, రీపరు మీదున్న చోటే కాలు పెట్టాలనే చిన్న నియమం కూడా మీరు పెట్టవచ్చు. వేసవిలో ఒక్క పూట ఎక్కి దిగినవాళ్లు పగలగొట్టిన పెంకులు వానాకాలమంతా కారుతాయి.

చివరగా, మీ సొంత కట్టడాలు. పాత బడులు, సత్రాలు, ఆఫీసుల్లో కొన్నింటికి ఇంకా పెంకు కప్పే ఉంది. ఈ వేసవిలో వాటిలో ఒకటి ఎంచుకుని, ఈ లేఖలో రాసిన కొలతలే టెండరు షరతులుగా పెట్టి బాగుచేయించండి. పెంకు నేతలో చెయ్యి తిరిగిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఇంకా కొద్దిమంది ఉన్నారు, వాళ్ల పక్కన కుర్రవాళ్లు ఇద్దరేసి ఉండాలనే షరతూ చేర్చండి. మీ ఇంజనీర్లతో కలిసి కప్పెక్కడానికి, కలప కొట్టి చూడటానికి, పెంకులు లెక్కగట్టి అంచనా రాయడానికి ఫిబ్రవరి మొదటి వారం నుంచి మేము సిద్ధంగా ఉంటాం. అంచనాకు రుసుము ఏమీ అడగం.

ఇట్లు,
పెంకు పని, వడ్రంగం, తాపీ పని చేసేవాళ్లం, వాళ్లతో పనిచేసే ఇంజనీర్లం